రేడియో, టెలివిజను ప్రసారములు – ప్రజారోగ్య రక్షణ చట్టములు

పత్రికలో అచ్చయిన మాట చదువ నేర్చినవారికి మాత్రమే అందును. రేడియోలో పలికిన మాట చదువు రానివారికిని అందును. టెలివిజనులో కనబడు దృశ్యము మాటలు సరిగా రాని పసిపిల్లలను సైతము ఆకర్షించును. ఇల్లు కదలలేని వృద్ధుని మంచము యొద్దకును, పొలము గట్టున కూర్చున్న కూలివాని చెవికిని ఈ సాధనములు ఒకే క్షణమున వార్తను చేరవేయగలవు. టీకాలు, పోలియో చుక్కలు, క్షయ చికిత్స, తుపాను హెచ్చరికలు మున్నగువానిని గూర్చి గ్రామగ్రామమునకు తెలియజేయుటలో ఇవి చేసిన మేలు అపారము.

అయితే మంచి మాటను ఎంత వేగముగా మోయునో, చెడ్డ మాటను గూడ ప్రసార సాధనము అంత వేగముగానే మోయును. "మూడు వారములలో మధుమేహము సమూలముగా నయమగును" అని ఒక ప్రకటన వినబడినదనుకొందము. ఇన్సులినుపై ఆధారపడి జీవించు రోగి దానిని నమ్మి సూదిమందు మానివేసినచో, కొలదిదినములలోనే రక్తమున ఆమ్లములు పెరిగి స్పృహ తప్పి ప్రాణాపాయము కలుగవచ్చును. రక్తపుపోటుకు వాడు మందు మానివేసినవానికి పక్షవాతము రావచ్చును. క్షయ మందులు నడుమ ఆపివేసినచో సూక్ష్మజీవులు ఆ మందులకు లొంగని స్థితికి వచ్చి, రోగికే గాక ఇంటిల్లపాదికిని ముప్పు తెచ్చును. ప్రకటన నిడివి అర నిమిషమే గాని, దాని ఫలము జీవితాంతము అనుభవింపవలసి వచ్చును.

ఈ కారణముచే ప్రసారములను చట్టపు హద్దులలో నుంచుట ప్రజారోగ్య రక్షణలో ఒక భాగమైనది. ఆ హద్దులెవ్వి, అవి ఎట్లేర్పడినవి, పౌరుడు వానిని ఎట్లు వినియోగించుకొనవచ్చును అను విషయములు ఇందు వివరింపబడుచున్నవి.

వాయుతరంగములు ఎవరి సొత్తు?

రేడియో కేంద్రము తన ధ్వనిని ఒక నిర్ణీత పౌనఃపున్యము గల తరంగముల ద్వారా పంపును. ఒకే ప్రాంతమున రెండు కేంద్రములు ఒకే పౌనఃపున్యమును వాడినచో రెండును కలిసి గోల యగునే గాని, ఏ ఒక్కటియు స్పష్టముగా వినబడదు. వాడుకొనదగిన పౌనఃపున్యములు పరిమితములు. కావున ఎవరికేది చెందవలెనో నిర్ణయించు అధికారి యొకడు ఉండక తప్పదు. ప్రసార చట్టములన్నింటికిని ఇదియే మొదటి కారణము.

మన దేశమున 1885 నాటి భారత టెలిగ్రాఫు చట్టము తంతి సాధనములను నెలకొల్పి నడుపు హక్కును ప్రభుత్వమునకు ప్రత్యేకముగా నొసగెను. అప్పటికి రేడియో పుట్టనేలేదు. ఆ తరువాత 1933లో వచ్చిన వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టము అనుమతి పత్రము లేక వైర్‌లెస్ పరికరములను కలిగియుండరాదని విధించెను. స్వతంత్ర భారతమున గూడ రేడియో, టెలివిజనులు చాలకాలము ఈ పాత చట్టముల నీడలోనే నడచినవి. వీని స్థానమున నిలుచుటకై పార్లమెంటు 2023లో నూతన టెలికమ్యూనికేషన్ చట్టమును ఆమోదించినది.

ఈ విషయమున సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న ఒక ముఖ్యమైన తీర్పు చెప్పినది. బెంగాలు క్రికెట్ సంఘమునకును కేంద్ర ప్రభుత్వమునకును నడుమ, ఆటల ప్రసార హక్కును గూర్చి నడచిన వ్యాజ్యమది. వాయుతరంగములు ప్రజల ఆస్తి యనియు, అవి పరిమితములు గనుక ప్రజాహితమును దృష్టియందుంచుకొని ఒక ప్రజాసంస్థ వానిని నియంత్రింపవలెననియు న్యాయస్థానము నిర్ణయించెను. అవి ప్రభుత్వపు సొంత ఆస్తియు గావు, ధనవంతుల ఆస్తియు గావు. రాజ్యాంగపు 19వ అధికరణమున గల వాక్స్వాతంత్ర్యములో మాటలాడువాని హక్కుతో పాటు, వినువానికి సమాచారము పొందు హక్కు గూడ ఇమిడియున్నదని ఈ తీర్పు స్పష్టపరచినది. ప్రసార నియమములను పరిశీలించునపుడు ఈ వినువాని హక్కును మరువరాదు.

ప్రసారముల వ్యాప్తి

మన దేశమున క్రమబద్ధమైన రేడియో ప్రసారము 1927 జూలై 23న బొంబాయిలో ఒక ప్రైవేటు కంపెనీ యాజమాన్యమున ప్రారంభమయ్యెను. ఆ కంపెనీ 1930లో మూతపడగా ప్రభుత్వము ఆ బాధ్యతను స్వీకరించెను. 1936లో దానికి ఆలిండియా రేడియో అను పేరు వచ్చినది. తెలుగువారికి 1938లో మద్రాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును అందుబాటులోనికి వచ్చినవి. టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగా మొదలైనది.

1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఒక సంవత్సరకాలము ఉపగ్రహము ద్వారా బోధన ప్రసారముల ప్రయోగము జరిగినది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజను పెట్టెలు అందినవి. వ్యవసాయము, ఆరోగ్యము, పరిశుభ్రత, కుటుంబ నియంత్రణము మున్నగు విషయములు వానియందు చూపబడెను. అంతకుముందు సినిమానైనను చూచియెరుగని పల్లెవాసులు పెక్కురు ఆ పెట్టె ముందు కూర్చుండి పాఠములు వినిరి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది.

ఈలోగా వ్యాపార ప్రకటనలు గూడ ప్రవేశించినవి. వివిధ భారతిలో 1967 నుండియు, టెలివిజనులో 1976 నుండియు ప్రకటనలకు చోటు కల్పింపబడినది. 1990 తరువాత విదేశీ, స్వదేశీ ఉపగ్రహ ఛానళ్లు కేబుల్ తీగల ద్వారా ఇంటింటికిని చేరినవి. 1990 నాటి ప్రసార భారతి చట్టము 1997లో అమలులోనికి వచ్చి ఆకాశవాణి, దూరదర్శన్‌లను ఒక స్వయంప్రతిపత్తి గల సంస్థకు అప్పగించినది. విద్య, వ్యవసాయము, ఆరోగ్యము, కుటుంబ సంక్షేమము మున్నగు రంగములకు ప్రత్యేక శ్రద్ధ చూపవలెనని ఆ చట్టమే ఆ సంస్థకు విధించినది. ప్రైవేటు ఛానళ్లకు ఆదాయము ముఖ్యముగా ప్రకటనల వలన లభించును. కావున వానికి వేరొక కట్టుబాటు అవసరమయ్యెను.

కాంతి, ధ్వని, పొగ

ప్రజారోగ్య దృష్టితో చూచినచో ఈ విషయమున మొట్టమొదటి గొప్ప చట్టము 1954 నాటి ఔషధముల, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టము. టెలివిజను మన దేశమునకు రాకముందే ఇది వచ్చినది. అయినను ప్రకటన యనగా నేమో చెప్పునపుడు చట్టకర్తలు ముందుచూపు వహించిరి. కరపత్రము, చీటీ, పైకాగితము మొదలగునవే గాక, నోటితో చెప్పిన ప్రకటనయు, కాంతిని గాని ధ్వనిని గాని పొగను గాని పుట్టించి పంపు ఏ సాధనముచేతనైనను చేసిన ప్రకటనయు దాని పరిధిలోనివే యని నిర్వచించిరి. అందుచేత నాటి రేడియోయే గాక, తరువాత వచ్చిన టెలివిజను గూడ ఆ నిర్వచనములో ఇమిడినది.

ఈ చట్టము ప్రధానముగా మూడు విధములైన ప్రకటనలను నిషేధించినది. మొదటిది, కొన్ని నిర్దిష్ట వ్యాధులను నిర్ణయించుటకు, నయముచేయుటకు లేక నివారించుటకు ఫలానా మందు పనికివచ్చునను ప్రకటన. రెండవది, మందు యొక్క స్వభావమును గూర్చి తప్పు అభిప్రాయము కలిగించు ప్రకటన. మూడవది, తాయెత్తు, మంత్రము, కవచము వంటివానితో వ్యాధులు పోవునను మాయా చికిత్సల ప్రకటన. చట్టమునకు చేర్చిన పట్టికలో 54 వ్యాధులు, శారీరక స్థితులు పేర్కొనబడినవి. మధుమేహము, క్యాన్సరు, గుండెజబ్బులు, రక్తపుపోటు, మూర్ఛ, పక్షవాతము, క్షయ, కుష్ఠు, బొల్లి, కంటి శుక్లములు, చెవుడు, స్త్రీల వంధ్యత్వము, స్థూలకాయము, ఎత్తు పెంచుట మున్నగునవి అందు కలవు. మొదటిసారి నేరము రుజువైనచో ఆరు మాసముల వరకు ఖైదు గాని, జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చుననియు, మరల చేసినచో ఖైదు ఒక సంవత్సరము వరకు ఉండవచ్చుననియు చట్టము నిర్ణయించెను.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ఆ మందు నిజముగానే పనిచేయునదైనచో ప్రకటించుటలో తప్పేమి? దీనికి సమాధానము వైద్యశాస్త్రమునందే యున్నది. జ్వరము ఒక్కటే అయినను దానికి కారణములు అనేకములు. మలేరియా జ్వరమునకు ఇచ్చు మందు టైఫాయిడునకు పనికిరాదు. బరువు తగ్గుటకు మధుమేహము కారణము గావచ్చును, క్షయ కారణము గావచ్చును, క్యాన్సరు గూడ కారణము గావచ్చును. పరీక్ష చేయని ప్రకటన వీనిలో ఏది కారణమో చెప్పలేదు. రోగి తన వ్యాధిని తానే నిర్ణయించుకొని, తానే మందు కొనుక్కొని మ్రింగుచుండగా, అసలు వ్యాధి లోలోపల ముదురును. చికిత్సకు లొంగు దశ గడచిపోవును. ఇట్టి స్వయం వైద్యమును అరికట్టుటయే ఈ చట్టపు ముఖ్యోద్దేశము.

ఈ చట్టము వాక్స్వాతంత్ర్యమునకు భంగకరమని హమ్‌దర్ద్ దవాఖానా వారు సుప్రీంకోర్టులో సవాలు చేసిరి. 1959 డిసెంబరులో తీర్పు వెలువడినది. మందులు అమ్ముకొనుటకై చేయు ఇట్టి ప్రకటన వ్యాపారములో భాగమే గాని, రాజ్యాంగము కాపాడు భావప్రకటన కాదని న్యాయస్థానము చెప్పెను. అయితే హద్దు చెప్పక క్రొత్త వ్యాధులను పట్టికలో చేర్చుకొనుటకు ప్రభుత్వమునకిచ్చిన అధికారమును, సరకును పట్టుకొనుటకిచ్చిన అపరిమితాధికారమును ఒప్పుకొనలేదు. పిదప 1963లో పార్లమెంటు చట్టమును సవరించినది. 1995లో మరియొక వ్యాజ్యమున వ్యాపార ప్రకటనకు గూడ వాక్స్వాతంత్ర్య రక్షణ కలదని సుప్రీంకోర్టు అంగీకరించెను. కాని మోసపుచ్చు ప్రకటనకు ఆ రక్షణ వర్తింపదని అప్పుడును చెప్పినది.

కేబుల్ టెలివిజను నియమములు

ఉపగ్రహ ఛానళ్లు వ్యాపించిన పిమ్మట 1995లో కేబుల్ టెలివిజను చట్టము వచ్చినది. కార్యక్రమములకు ఒక నియమావళి, ప్రకటనలకు మరియొక నియమావళి దీని క్రింద ఏర్పడినవి. నిరూపించుటకు సాధ్యముగాని అద్భుతశక్తి గాని, దైవశక్తి గాని తమ వస్తువునకు కలదని స్ఫురింపజేయు ప్రకటన చేయరాదని ప్రకటనల నియమావళి చెప్పుచున్నది. ప్రకటన చూచినంతనే ప్రకటన యని తెలియవలెను. కార్యక్రమమువలె వేషము వేసికొని రాకూడదు. గంటకు 12 నిమిషములకు మించి ప్రకటనలకు వాడరాదు. ఆకాశవాణి నియమావళులు, అనుమతి పత్రముల షరతుల ద్వారా, ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియోలకును వర్తించును.

ప్రజారోగ్యమునకు మిక్కిలి హానికరములైన మూడు విషయములలో నిషేధము మరింత గట్టిది.

పొగాకు: సిగరెట్లు, బీడీలు, నమలు పొగాకు మొదలగువాని ప్రకటనలను 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టము నిషేధించినది. ఈ నిషేధము 2004 మే 1 నుండి అమలులోనికి వచ్చెను. కథలో పాత్ర పొగ త్రాగుట గూడ యువకులకు ఒక విధమగు ప్రకటనయే. అందుచేత 2012 అక్టోబరు 2 నుండి అట్టి దృశ్యములున్న సినిమాలకు, టెలివిజను కార్యక్రమములకు ఆరంభమునను నడుమను ఆరోగ్య సందేశములు చేర్చుట, దృశ్యము నడచునంతసేపు తెర అడుగున హెచ్చరిక చూపుట విధిగా చేయబడినది. 2023 సెప్టెంబరు 1 నుండి ఇట్టి నియమమే ఇంటర్నెట్టు ద్వారా చూపబడు చిత్రములకును విస్తరింపబడెను.

మద్యము: సారాయి, విస్కీ, బీరు మున్నగు మత్తు పానీయముల విక్రయమును ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని ప్రోత్సహించు ప్రకటనలను 2000లో కేబుల్ నియమములు నిషేధించినవి.

పసిపిల్లల పాలపొడి: తల్లిపాలకు బదులుగా వాడు పాలపొడులు, పాలసీసాలు, శిశువుల ఆహారము వీనిని ప్రకటించుట 1992 నాటి చట్టముచేతను, 2003లో చేసిన దాని సవరణచేతను నిషేధింపబడినది. బిడ్డకు రెండేండ్లు నిండువరకు వాడు ఆహారములకు ఇది వర్తించును. కారణము స్పష్టము. మొదటి ఆరు మాసములు బిడ్డకు తల్లిపాలు చాలును. తెరపై బొద్దుగా నున్న శిశువును చూచి తల్లి తన పాలు చాలవేమోనని సంశయపడి డబ్బాపాలు మొదలిడును. బిడ్డ త్రాగుట తగ్గినకొలది పాలుపడుట గూడ తగ్గును. మురికినీటితో కలిపిన పాలు, సరిగా మరుగబెట్టని సీసా వలన అతిసారము కలుగును. డబ్బా ఖరీదైనదని పొడిని పలుచగా కలిపినచో బిడ్డ చిక్కిపోవును.

చట్టమును తప్పించుకొను దారులు

చట్టము ఒక వాకిలి మూసినచో వ్యాపారము మరియొక వాకిలి వెదకుట సహజము. మద్యమును ప్రకటింపవలదన్నపుడు, అదే పేరుతో సోడానీరును, పేకముక్కలను, సంగీతపు పళ్లెములను ప్రకటించుట ఆరంభమైనది. చూచువానికి సోడా గుర్తుకురాదు, సీసాయే గుర్తుకువచ్చును. ఇట్టి మారుపేరు ప్రకటనలను 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తన మార్గదర్శక సూత్రములలో నిషేధించినది.

రెండవ దారి, కార్యక్రమపు రూపమున వచ్చు ప్రకటన. తెల్లకోటు ధరించిన వ్యక్తి అర్ధగంటసేపు వ్యాధులను గూర్చి ప్రసంగించును. నడుమ నడుమ కొందరు వచ్చి తమకు నయమైనదని చెప్పుదురు. చివరకు ఫోను నంబరు కనబడును. చూచువారు దీనిని ఆరోగ్య పాఠమని తలచెదరు. నిజమునకు ఆ అర్ధగంట డబ్బిచ్చి కొన్న కాలము.

మూడవది ఇంటర్నెట్టు. చేతిలోని ఫోనునకు వచ్చు దృశ్యమునకు కేబుల్ చట్టము వర్తింపదు. ఈ లోపమును కొంతవరకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము పూరించినది. 1954 నాటి కాంతి, ధ్వని, పొగ అను మాటల ప్రక్కనే ఎలక్ట్రానిక్ సాధనములు, ఇంటర్నెట్టు, వెబ్‌సైటు అను మాటలు గూడ దీని నిర్వచనములో చేరినవి. మోసపుచ్చు ప్రకటన చేసినవారికి 10 లక్షల రూపాయల వరకును, మరల చేసినచో 50 లక్షల వరకును జరిమానా విధించు అధికారమును ఈ చట్టము పై ప్రాధికార సంస్థకు ఇచ్చెను. ఆ వస్తువును మెచ్చుకొని ప్రకటనలో కనబడిన ప్రసిద్ధ వ్యక్తులు గూడ, ముందుగా తగు విచారణ చేసికొననిచో, బాధ్యులగుదురు.

పౌరులు చేయదగిన పనులు

దేశమున వందలకొలది ఛానళ్లు రాత్రింబవళ్లు ప్రసారము చేయుచున్నవి. ప్రతి మాటను అధికారులే వినుట అసాధ్యము. చట్టమునకు కన్నులు, చెవులు ప్రజలే. కావున ప్రతి కుటుంబమును ఈ క్రింది విషయములను గమనించుట మంచిది.

1. "నూటికి నూరుపాళ్లు నయము", "ఎట్టి దుష్ఫలితములును లేవు", "డాక్టరు మందులు మానవచ్చును", "నేడే కొన్నవారికి సగము ధర" అను మాటలు వినబడినచో అనుమానింపవలెను. దీర్ఘవ్యాధికి మందు ఇచ్చు ఏ మంచి వైద్యుడును ఇట్లు మాటలాడడు.

2. ప్రకటన చూచి వాడుచున్న మందును తమంత తామే మానరాదు. సందేహము కలిగినచో సమీపమున గల ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో గాని, వైద్యుని గాని అడుగవలెను. ఇదివరకే ఆ వస్తువును వాడియున్నచో సిగ్గుపడక ఆ డబ్బాను వైద్యునికి చూపవలెను. అందేమి కలిసినదో తెలియుట చికిత్సకు అవసరము.

3. అభ్యంతరకరమైన ప్రకటన కనబడినపుడు ఛానలు పేరు, తేది, వేళ, వస్తువు పేరు, చెప్పిన మాటలు వ్రాసి ఉంచుకొనవలెను. వీలైనచో ఫోనుతో చిత్రించుకొనవలెను. వివరములు లేని ఫిర్యాదుపై విచారణ సాగదు.

4. మొదట ఆ ఛానలుకే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవచ్చును. 2021లో సవరించిన కేబుల్ నియమముల ప్రకారము 24 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలియజేసి, 15 దినములలో దానిని పరిష్కరింపవలెను. తృప్తి కలుగనిచో పై మెట్టునకును, చివరకు కేంద్ర ప్రభుత్వమునకును పోవచ్చును.

5. మోసపుచ్చు ప్రకటనలను గూర్చి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరున ఫోను చేయవచ్చును. మందుల విషయమున రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు, స్థానిక కేబుల్ ప్రసారముల విషయమున జిల్లా కలెక్టరునకు వ్రాయవచ్చును.

6. ఇంట్లోని పిల్లలకు, వృద్ధులకు పాఠమునకును ప్రకటనకును గల భేదమును తెలియజెప్పవలెను. "ఈ మాట చెప్పినందుకు వీరికి డబ్బు ఎవరిచ్చిరి?" అని అడుగుట వారికి అలవాటు చేయవలెను.

ప్రసారములను నియంత్రించుట యనగా నోరు నొక్కుట గాదు. ప్రభుత్వమును విమర్శించు మాటను ఆపుట వేరు, రోగిని మోసగించి సొమ్ము చేసికొను మాటను ఆపుట వేరు. మొదటిదానికి అడ్డుపడు శాసనము ప్రజాస్వామ్యమునకు హానికరము. రెండవదానికి అడ్డుపడు శాసనము బలహీనుని ప్రాణమునకు రక్ష. ఈ రెంటిని వేరుచేసి చూడగల వివేకము పౌరులకున్నచో చట్టము దుర్వినియోగము గాదు, నిష్ప్రయోజనమును గాదు. వాయుతరంగములు ప్రజల ఆస్తి యని న్యాయస్థానము చెప్పినది. తమ ఆస్తిని తాము కనిపెట్టుకొనియుండుట ప్రజల హక్కు మాత్రమే గాదు, తమ ఇంటివారి ఆరోగ్యమునకై వారు చేయవలసిన విధి గూడ.